తేమ సెన్సర్ పాతే ముందు ఇది చూసుకోండి

విశాఖ దగ్గర ఆనందపురం, పద్మనాభం వైపు కూరగాయల మళ్లలో వైర్‌లెస్ తేమ సెన్సర్లు పాతేవాళ్లకి ఒక మాట. ముళ్లున్న సెన్సరైతే గోతి అడుగున పడేసి మట్టి కప్పేయకండి. గోతి గోడలో, కదలని మట్టిలోకి అడ్డంగా గుచ్చండి. గొట్టం రకమైతే ఆ గోతి మట్టినే రాళ్లు ఏరేసి, దోసెల పిండిలా జారుగా కలిపి చుట్టూ పోయండి. గాలి సందు మిగిలిందంటే నేల తడిగా ఉన్నా పొడి అని చూపిస్తుంది. గులకరాళ్లున్న ఎర్ర నేలల్లో మరీ జాగ్రత్త.

సిగ్నల్ పొడి నేలలో చూసి సరేననుకోవద్దు, తడి మట్టి రేడియో తరంగాల్ని మింగేస్తుంది. నిండా తడి పెట్టాకే చూడండి. పాతడానికి వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ కన్నా 865 మెగాహెర్ట్జ్ లోరా (తక్కువ కరెంటుతో దూరం పంపే రేడియో పద్ధతి) చాలా నయం. యాంటెన్నా విడిగా వస్తే పైరు కన్నా ఎత్తున కట్టండి. పక్కనే రంగేసిన కర్ర పాతండి, సెన్సర్ రోటావేటర్ కింద పడకుండా.