హైదరాబాద్ తిండి పేరుకు తగ్గట్టే ఉందా? తిని తేల్చుకునే పద్ధతి

2019లో యునెస్కో హైదరాబాద్‌ను వంటల విభాగంలో సృజనాత్మక నగరంగా గుర్తించింది. అయినా బయటి ఊళ్ల నుంచి వచ్చి, రాత్రి పదింటికి ఏదో ఒక పెద్ద హోటల్లో కూర్చుని, బిర్యానీ నుంచి ఖుబానీ కా మీఠా అనే తీపి దాకా అన్నీ ఒకేసారి తెప్పించుకుని, పేరు గొప్ప ఊరు దిబ్బ అనుకుంటూ వెళ్లేవాళ్లకు కొదవ లేదు. చాలావరకు వాళ్లు వేళ తప్పి తిన్నవాళ్లే. ఈ ఊళ్లో ఒక్కో వంటకు ఒక్కో గంట ఉంది. ఆ గంటకు, దాన్ని రోజూ చేసే చోటికి వెళ్తే పేరు నిజమేనని తెలుస్తుంది.

రెండు రోజులు పెట్టుకోండి. ముగ్గురో నలుగురో కలిసి వెళ్లండి. ఒక్కరే వెళ్తే ఒక ప్లేటు బిర్యానీతోనే కడుపు నిండి, మిగతావేవీ రుచి చూడలేరు.

తెల్లవారుజామున నహారీ

పాతబస్తీలో నహారీ పొద్దున్నే తినే తిండి. గొర్రె కాళ్లు (పాయా), నాలుక (జబాన్) రాత్రంతా సన్నని సెగ మీద ఉడుకుతాయి. ఆరు, ఏడు గంటల మధ్య వెళ్లండి. తొమ్మిది దాటితే అడుగున మిగిలిందే దొరుకుతుంది, దాంట్లో ఉప్పు, ఘాటు పెరిగిపోయి ఉంటాయి. మదీనా సెంటర్ పరిసరాల్లో నయాబ్, షాదాబ్ లాంటి పాత హోటళ్లు దీనికి పేరుపడ్డవి.

పులుసులో నిమ్మకాయ పిండుకుని, రెండు గుక్కలు తాగి పెదాలు కలిపి చూడండి. కాస్త అతుక్కోవాలి. ఎముకల్లోని జిగురు పులుసులోకి దిగిందనడానికి అదే గుర్తు. చిక్కగా ఉండి కూడా పెదాలు అతుక్కోకపోతే పిండి కలిపి చిక్కబరిచి ఉంటారు. తోడుగా నలుచదరంగా ఉండే చార్‌కోనీ నాన్ తీసుకోండి. పురానీ హవేలీ వైపు భట్టీల్లో గోడకు అంటించి కాలుస్తారు. వేడి మీద ఎంత మెత్తగా ఉంటుందో, చల్లారాక అంత సాగుతుంది. అందుకే ముందే కొని దాచుకోవద్దు.

ఇరానీ చాయ్

కౌంటర్ వెనక రెండు పాత్రలు ఉన్నాయేమో చూడండి. ఒకదాంట్లో మూత బిగించి దమ్ పెట్టిన డికాక్షన్, ఇంకోదాంట్లో చాలాసేపు మరిగి చిక్కబడ్డ పాలు ఉండాలి. కప్పులో డికాక్షన్ పోసి, పైన పాలు పోస్తారు. అన్నీ ఒకే గిన్నెలో మరిగిస్తుంటే అది మామూలు టీ. పాలు ఎక్కువ కావాలంటే ‘పౌనా’ అని చెప్పండి.

పొద్దున ఏడు నుంచి పది, సాయంత్రం నాలుగు నుంచి ఆరు మంచి వేళలు. అప్పుడు గిరాకీ ఎక్కువ, డికాక్షన్ నిలవ ఉండదు. మధ్యాహ్నం మూడింటికి తాగితే వగరు నాలుకకు పట్టేస్తుంది. చార్మినార్ పక్కనే ఉన్న నిమ్రా కేఫ్‌లో ఉస్మానియా బిస్కెట్లు కూడా అక్కడే కాలుస్తారు. బిస్కెట్ మొదట తీపి, వెనక సన్నగా ఉప్పు తగలాలి. తిన్నాక అంగిలికి మైనంలా పొర అంటుకుంటే వెన్న బదులు వనస్పతి వాడారన్నమాట.

బిర్యానీ: అసలు పరీక్ష

పన్నెండున్నరకు హోటల్లో ఉండండి. పెద్ద హండీలు తెరిచే సమయం అది. మధ్యాహ్నం నాలుగింటికి వెళ్తే మళ్లీ వేడిచేసిందే వస్తుంది. సాయంత్రమైతే ఏడున్నర, ఎనిమిది మధ్య సరి.

మటన్ బిర్యానీయే అడగండి. చికెన్ త్వరగా ఉడుకుతుంది కాబట్టి చేయి తిరిగినవాడు చేసినా, కొత్తవాడు చేసినా పెద్ద తేడా పట్టుకోలేరు. కచ్చీ పద్ధతిలో పచ్చి మాంసాన్ని పెరుగు, పచ్చి బొప్పాయి, అల్లం వెల్లుల్లి, వేయించిన ఉల్లిపాయలతో నానబెట్టి అడుగున పరుస్తారు. ముప్పాతిక పాళ్లు ఉడికిన బియ్యం పైన వేసి, మూత చుట్టూ పిండి అంటించి దమ్ పెడతారు. కష్టమంతా ఒక్క చోటే: అడుగున ముక్క మెత్తబడే సమయానికి పైన మెతుకు విరగకూడదు. బియ్యం ఒక్క నిమిషం ఆలస్యంగా వార్చినా పైన ముద్దవుతుంది. సెగ తగ్గితే ముక్క నార నారగా మిగులుతుంది. ఈ తిప్పలు పడలేకే చాలా హోటళ్లు కూర విడిగా వండి, తెల్లన్నం విడిగా వండి, ప్లేటులో కలిపి ఇస్తాయి.

ఈ తేడా పట్టడం సులువు. ప్లేటు రాగానే కలపకుండా పక్క నుంచి చూడండి. తెల్లటి మెతుకు, కుంకుమపువ్వు తగిలి లేత పసుపైన మెతుకు, అడుగున మసాలా పట్టి గోధుమరంగు తిరిగిన మెతుకు వేరువేరుగా కనపడాలి. అంతా ఒకే పసుపైతే రంగు కలిపారు. అన్నం పొడిగా ఉండి గ్రేవీ ఒక పక్క గుంటగా చేరితే విడిగా వండి కలిపారు. తర్వాత ముక్క తీసి ఎముక పట్టి లాగండి, వేళ్లతోనే ఊడి రావాలి. సాలన్ కూడా గమనించండి. వేరుశనగ, నువ్వులు, కొబ్బరి నూరి చింతపండుతో చేసిన పులుసు మీద నూనె తేలి ఉంటుంది. ఎర్రటి నీళ్లలా ఉంటే వంటింట్లో శ్రద్ధ లేనట్టే.

బావర్చీ పేరుతో ఊరంతా బోర్డులు కనిపిస్తాయి. పేరు తెచ్చుకున్నది ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోది. ఒక మాట గట్టిగా చెప్పాలి: పార్సిల్ బిర్యానీ తిని తీర్పు ఇవ్వకండి. మూత పెట్టిన డబ్బాలో ఆవిరి నీరై అన్నం మీదే పడుతుంది. అరగంటలో మంచి హండీ బిర్యానీ కూడా ముద్దైపోతుంది.

హలీం రంజాన్‌లోనే

హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏడాది పొడవునా అమ్మే చోట్లు ఉన్నా, పోటీ పడి చేసేది రంజాన్ నెలలోనే. ఆ నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి తేదీ చూసుకుని ప్రయాణం పెట్టుకోండి.

గోధుమ, మాంసం, పప్పులు కట్టెల భట్టీ మీద గంటల తరబడి ఉడికాక కర్ర గోటాలతో దంచుతారు. చెంచాతో పైకి ఎత్తితే మాంసం పోగులు సాగుతూ కనిపించాలి. పేస్టులా నున్నగా ఉంటే మిక్సీ పట్టారు. బంకలా చెంచాకు పట్టుకుని వదలకపోతే గోధుమ ఎక్కువ, మాంసం తక్కువ. నలుగురికి రెండు ప్లేట్లు చాలు, చాలా బరువైన తిండి. రంజాన్ కాని రోజుల్లో బార్కస్ వెళ్లండి. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల వారసులుండే ఆ పేటలో పొద్దున పూట హరీస్ దొరుకుతుంది. హలీంకు మూలం లాంటి వంట అది, మసాలా తక్కువ.

ఖుబానీ కా మీఠాకు ఒకటే గుర్తు: ఎండు ఆప్రికాట్ పండ్లు రూపు పోకుండా, పగలగొట్టి తీసిన గింజల పప్పు పైన కనపడాలి. జామ్‌లా ఒకే ఎరుపుగా ఉంటే వదిలేయండి.

పేరు నిలబడని చోట

సముద్రపు చేపల కోసం ఈ ఊరు రావద్దు. రొయ్య, వంజరం ఐసులో ప్రయాణం చేసి వస్తాయి. విశాఖలో, కాకినాడలో దొరికే రుచి ఇక్కడ ఆశించకూడదు. చేప కావాలంటే కొర్రమీను అడగండి, తెలంగాణ చెరువుల చేప అది. అపోలో ఫిష్ (ముల్లు లేని చేప ముక్కల వేపుడు) తెప్పిస్తే లోపల ముక్క గట్టిగా, పొరలుగా విడవాలి. నీరు కారుతూ మెత్తగా చిదికితే బాసా అనే మెత్తటి చేప వేశారు.

తెలంగాణ ఇంటి వంటలకు హోటళ్లలో దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదు, ఇది నిజంగా బాధపడాల్సిన విషయం. సర్వపిండి (బియ్యప్పిండితో చేసే కారపు రొట్టె) మెనూలో కనిపించినా, పొద్దున చేసి పెట్టింది గట్టిపడి ఉంటుంది. అప్పుడే చేస్తున్నారో లేదో అడిగాకే ఆర్డర్ చెప్పండి. జొన్న రొట్టె మాత్రం రోడ్డు పక్కనే మేలు. సాయంత్రం ఆరు తర్వాత బండ్ల దగ్గర చేత్తో తట్టి కాలుస్తుంటారు. పొంగిన రొట్టె పెనం మీద నుంచి తీయగానే అక్కడే నిలబడి తినండి. ఇంటికి కట్టించుకుంటే దారిలోనే అట్టలా బిగుసుకుంటుంది.