పీఎస్‌ఎన్ లాగిన్ అవ్వట్లేదా? సర్వరా, బ్యానా, మన వైరా తేల్చుకునే పద్ధతి

భీమవరంలోనో అమలాపురంలోనో ఆదివారం సాయంత్రం సోనీ ప్లేస్టేషన్ ఆన్‌లైన్ నెట్‌వర్క్ అయిన పీఎస్‌ఎన్ లాగిన్ ఆగిందంటే చాలు, పావుగంటలో వాట్సాప్ గ్రూపుల్లో మూడు కథలు తిరుగుతాయి. కంపెనీ పెట్టిన రక్షణలను ఛేదించి మార్చిన, అంటే మోడ్ చేసిన, కన్సోళ్లను ఏరడానికి సోనీయే నెట్‌వర్క్ ఆపేసిందని ఒకటి. ఎవరో హ్యాక్ చేశారని ఇంకొకటి. కేబుల్ ఆపరేటర్ గేమింగ్ బ్లాక్ చేశాడని మూడోది. ఏది నిజమో తేలకముందే ఒకరు కన్సోల్ రీసెట్ కొట్టేస్తారు, ఇంకొకరు ఏదో వీడియోలో చూసిన డీఎన్‌ఎస్ నంబరు ఎక్కించేస్తారు. అసలు నష్టం అక్కడే జరుగుతుంది.

బ్యాన్ ఒక అకౌంటు మీదో ఒక కన్సోల్ మీదో పడుతుంది. ఔటేజ్, అంటే నెట్‌వర్కే ఆగిపోవడం, అందరి మీదా పడుతుంది. మోడింగ్‌ను పట్టుకునే పని నెట్‌వర్క్ నడుస్తుండగానే సాగుతుంది, దానికోసం డబ్బు కట్టేవాళ్లందరినీ బయట నిలబెట్టక్కర్లేదు. 2009 నవంబరులో మైక్రోసాఫ్ట్ మోడ్ చేసిన ఎక్స్‌బాక్స్ 360లను పెద్దఎత్తున బ్యాన్ చేసింది. అప్పుడు ఎక్స్‌బాక్స్ లైవ్ ఆగలేదు, మిగతావాళ్లు మామూలుగానే ఆడుకున్నారు.

ముందు చేయకూడనివి

సర్వర్ డౌన్‌లో ఉన్నప్పుడు కన్సోల్‌ను ఇనీషియలైజ్, అంటే అంతా చెరిపేసే రీసెట్, చేయొద్దు. రీసెట్ అయ్యాక డిజిటల్‌గా కొన్న గేములు మళ్లీ దించుకోవాలన్నా, లైసెన్సులు తిరిగి రావాలన్నా పీఎస్‌ఎన్ లాగిన్ కావాలి. ఆ లాగినే లేనప్పుడు డిస్కు గేములు తప్ప ఏవీ మిగలవు. యూజర్‌ను డిలీట్ చేయడం, 'రిస్టోర్ లైసెన్సెస్' నొక్కడం కూడా ఆ సమయంలో వద్దు. డీఎన్‌ఎస్ మార్చి చూడాలనుకుంటే గూగుల్‌ది 8.8.8.8 గానీ క్లౌడ్‌ఫ్లేర్‌ది 1.1.1.1 గానీ పెట్టండి. ఊరూపేరూ లేని డీఎన్‌ఎస్ పెట్టారంటే మీ కన్సోల్ ఏ సర్వర్‌ను వెతికినా ఎక్కడికి వెళ్లాలో చెప్పే పని ముక్కూమొహం తెలియనివాళ్ల చేతిలో పెట్టినట్టే.

వైరు నుంచి మొదలుపెట్టండి

డెల్టాలో సగం 'ఔటేజ్‌లు' వీధి స్తంభం మీదే పుడతాయి. ఇంటికొచ్చే నల్ల ఫైబర్ డ్రాప్ వైరు కరెంటు స్తంభాల మీదుగా, కొబ్బరి చెట్ల మధ్య నుంచి వస్తుంది. గాలివానకు మట్ట ఒకటి దాని మీద పడితే వైరు తెగకపోయినా లోపల గాజు పోగు విరగొచ్చు. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినట్టు పెద్ద తుపానులే రానక్కర్లేదు, మామూలు ఈదురుగాలి చాలు.

ఫైబర్ మోడెం ముందు కూర్చుని లైట్లు చూడండి. 'లాస్' (LOS) లైటు ఎర్రగా మెరుస్తుంటే వెలుతురు మీ దాకా రావట్లేదు. కన్సోల్‌తో కుస్తీ పట్టడం మానేసి ఆపరేటర్‌కు ఫోన్ చేయండి. 'పాన్' (PON) లైటు ఆగకుండా మెరుస్తుంటే మోడెం అవతలి పెట్టెతో కలవడానికి ప్రయత్నిస్తోంది, ఐదు నిమిషాలు ఆగండి. పాన్ నిలకడగా పచ్చగా ఉండి, లాస్ ఆరిపోయి ఉంటే ఫైబర్ బాగున్నట్టు.

లైట్లు బాగున్నా నెట్ తెగుతూ అంటుకుంటూ ఉంటే మోడెం పేజీలోకి, చాలావాటికి 192.168.1.1, వెళ్లి ఆప్టికల్ రిసీవ్ పవర్ చూడండి. మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం మధ్య ఉంటే దిగులు లేదు. మైనస్ 27 దగ్గరికి వచ్చిందంటే మోడెం పట్టుకోగలిగిన అంచుకు చేరినట్టే. వీడియో బఫర్ పెట్టుకుని ఎలాగో నడుస్తుంది గానీ గేమ్ మాత్రం డిస్‌కనెక్ట్ అవుతుంది. అప్పుడు మోడెం వెనక వైరు బాగా వంగి నలిగిందేమో, పచ్చ కనెక్టర్ సరిగా కూర్చుందో లేదో చూడండి. కనెక్టర్ కొనను వేలితో తుడవకండి, చర్మం మీది జిడ్డు చాలు సిగ్నల్ పడిపోవడానికి. అవేవీ కాకపోతే ఆ అంకె ఫోటో తీసి ఆపరేటర్‌కు పంపండి. 'నెట్ రావట్లేదు' అంటే రేపు వస్తామంటారు, 'మైనస్ 28 చూపిస్తోంది అన్నా' అంటే ఫైబర్ అతికే స్ప్లైసింగ్ మిషన్‌తో వస్తారు.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద మీ మోడెం వెలుగుతున్నా నెట్ రాకపోవడం మామూలే. వీధి చివర ఆపరేటర్ పెట్టెకు బ్యాటరీ అయిపోయి ఉంటుంది. దానికి మీరు చేయగలిగింది లేదు.

ఇంట్లో బాగుంటే ఇలా తేల్చండి

పీఎస్5లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, కనెక్షన్ స్టేటస్, టెస్ట్ ఇంటర్నెట్ కనెక్షన్. పీఎస్4లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ కిందే టెస్ట్ ఉంటుంది. ఐపీ అడ్రస్, ఇంటర్నెట్ రెండూ సక్సెస్ అయి, పీఎస్‌ఎన్ సైన్ ఇన్ ఒక్కటే ఫెయిల్ అయితే మీ వైరు తప్పేమీ లేదు. స్క్రీన్ మీద వచ్చిన కోడ్ రాసుకోండి. డబ్ల్యూఎస్-37403-7 అంటే పీఎస్‌ఎన్ మెయింటెనెన్స్‌లో ఉంది. ఎన్‌డబ్ల్యూ-31297-2 అంటే వైఫై పాస్‌వర్డ్ తప్పు. డబ్ల్యూఎస్-37368-7 అంటే అకౌంటు బ్యాన్. డబ్ల్యూఎస్-37397-9 అంటే మీరు వాడుతున్న ఐపీ అడ్రస్‌ను అడ్డుకున్నారు.

చివరిది చూసి బ్యాన్ పడిందని బెంబేలెత్తేవాళ్లు చాలామంది. ఊళ్లలో చిన్న ఫైబర్ ఆపరేటర్లు, మొబైల్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని ఎందరో కస్టమర్లకు పంచుతాయి. అదే ఐపీ మీద ఇంకో వీధిలో ఎవరో వందలసార్లు తప్పు లాగిన్లు కొట్టినా, ఎవరి కంప్యూటర్‌లోనో వైరస్ సర్వర్లను దంచుతున్నా ఆ దెబ్బ మీకూ తగులుతుంది. మోడెం పేజీలో వాన్ (WAN) ఐపీ, అంటే ఆపరేటర్ మీ మోడెంకు ఇచ్చిన అడ్రస్, 100.64 నుంచి 100.127 మధ్య దేనితోనైనా మొదలైతే మీది పంచిన ఐపీ అని అర్థం. మోడెంను పది నిమిషాలు ఆపి మళ్లీ వేస్తే కొన్నిసార్లు వేరే ఐపీ వస్తుంది. మళ్లీమళ్లీ ఇదే గొడవైతే ఆపరేటర్‌ను స్టాటిక్ ఐపీ అడగండి, నెలకు కొంత అదనంగా తీసుకుంటారు.

ఇప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ పరీక్ష. ఇంటి వైఫై తీసేసి ఫోన్ నెట్‌కు కన్సోల్‌ను కలపండి. లాగిన్ అయితే తప్పు ఇంటి నెట్‌దో ఐపీదో. అవ్వకపోతే అదే ఐడీతో ఫోన్‌లో పీఎస్ యాప్ తెరవండి. యాప్‌లో కూడా అకౌంటు సస్పెండ్ అయిందని వస్తే అది అకౌంటు సమస్య. యాప్ తెరుచుకుని కన్సోల్‌లో మాత్రం రాకపోతే, కన్సోల్‌లో కొత్తగా ఒక ఉత్త అకౌంటు తెరిచి చూడండి. అదీ రాక, అదే సమయంలో పక్కింటి పీఎస్5 హాయిగా ఆడుతుంటే అనుమానం కన్సోల్ మీదికి పోవాలి. ఎవరిదీ ఎక్కడా రావట్లేదంటే ఔటేజ్. స్టేటస్ డాట్ ప్లేస్టేషన్ డాట్ కామ్‌లో చూసుకోండి. ఆ పేజీ కాస్త ఆలస్యంగా ఎర్రబడుతుంది కాబట్టి పచ్చగా ఉందని మీ పరీక్షను కొట్టిపారేయొద్దు.

2025 ఫిబ్రవరిలో పీఎస్‌ఎన్ సుమారు ఒక రోజంతా ఆగింది. సోనీ దానికి చెప్పిన కారణం 'ఆపరేషనల్ ఇష్యూ' అన్న రెండు ముక్కలే, పరిహారంగా, నెలనెలా డబ్బు కట్టే ప్లేస్టేషన్ ప్లస్ సభ్యులకు ఐదు రోజులు కలిపింది. అలాంటి రోజున సొంత కన్సోల్‌లో కొన్న గేములైనా ఆడాలంటే ముందే ఒక సెట్టింగ్ పెట్టుకుని ఉండాలి. పీఎస్5లో యూజర్స్ అండ్ అకౌంట్స్, అదర్ కింద 'కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే' ఆన్ చేయండి. పీఎస్4లో అకౌంట్ మేనేజ్‌మెంట్ కింద 'యాక్టివేట్ యాజ్ యువర్ ప్రైమరీ'. ఇద్దరు అన్నదమ్ములు ఒకే అకౌంటును రాజమండ్రిలో ఒకటి, తణుకులో ఒకటి ఒకే రకం కన్సోళ్లు రెండింటిలో వాడుతుంటే ఈ సెట్టింగ్ ఒకదానికే పడుతుంది. రెండోది ఔటేజ్ రోజున డిస్కులతోనే గడపాలి.

మోడర్ల కోసమే ఆపారన్న ఊహ ఎక్కడ పుట్టింది

ఈ ఊహకు ఒక పాత కారణం ఉంది. 2010 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల సదస్సులో ఫెయిల్‌ఓవర్‌ఫ్లో బృందం పీఎస్3 భద్రతలో పెద్ద పొరపాటు బయటపెట్టింది. సాఫ్ట్‌వేర్ మీద సంతకం వేసే ప్రతిసారీ మారాల్సిన ఒక సంఖ్యను సోనీ మార్చకుండా వాడింది. దాంతో రహస్య తాళంచెవిని లెక్కకట్టి తీయగలిగారు. 2011 జనవరిలో జార్జ్ హాట్జ్ అనే హ్యాకర్ పీఎస్3 రూట్ కీ ప్రచురించాడు, సోనీ కేసు వేసింది. ఫిబ్రవరిలో మోడ్ చేసినవాళ్లను పీఎస్‌ఎన్ నుంచి శాశ్వతంగా తీసేస్తామని హెచ్చరించింది. ఆ తర్వాత రీబగ్ అనే కస్టమ్ ఫర్మ్‌వేర్, అంటే బయటివాళ్లు మార్చిన సిస్టమ్ సాఫ్ట్‌వేర్, వచ్చింది. దాంతో మామూలు పీఎస్3 డెవలపర్ల నెట్‌వర్క్‌లోకి వెళ్తోందని, సరైన క్రెడిట్ కార్డు లేకుండానే గేములు దించుకుంటున్నారని ప్రచారం నడిచింది.

సరిగ్గా ఆ వేడిలో 2011 ఏప్రిల్ 20న పీఎస్‌ఎన్ ఆగింది. రీబగ్‌ను అడ్డుకోవడానికే ఆపారని చాలామంది గట్టిగా నమ్మారు. ఏప్రిల్ 26న సోనీ అసలు సంగతి చెప్పింది: 17, 19 తేదీల మధ్య బయటివాళ్లు చొరబడ్డారు, సుమారు 7.7 కోట్ల అకౌంట్ల పేర్లు, చిరునామాలు, ఈమెయిళ్లు, పుట్టినతేదీలు, పాస్‌వర్డ్‌లు చేజారాయి. సర్వర్‌లోని ఒక లోపం గుండా లోపలికి వచ్చారని మే 1న టోక్యోలో వివరించింది. సేవలు తిరిగి మొదలైంది మే నడిమికి.

ఆ ఆరు రోజులు చూడండి. మోడర్ల గురించి వాదించుకుంటున్న సమయంలో, అదే ఈమెయిలు, అదే పాస్‌వర్డ్ వేరేచోట కూడా వాడినవాళ్ల తాళాలు అపరిచితుల చేతిలో ఉన్నాయి. అందుకే ఔటేజ్ కొన్ని గంటలు దాటి కారణం తేలకపోతే ఈ పనులు వెంటనే చేయండి: పీఎస్‌ఎన్ పాస్‌వర్డే మీ జీమెయిల్‌కో బ్యాంకుకో ఉంటే అక్కడ ముందు మార్చండి. కార్డు సేవ్ చేసి ఉంటే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ ఆన్‌లైన్ ట్రాన్సాక్షన్లు ఆపండి, విదేశీ వ్యాపారుల దగ్గర ఓటీపీ అడగకుండానే కార్డు గీకబడే వీలుంది. సర్వర్ తిరిగి రాగానే పీఎస్‌ఎన్ పాస్‌వర్డ్ మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసుకోండి.

మోడింగ్‌ను నిజంగా ఎలా పడతారు, సెకండ్ హ్యాండ్‌లో ఏం చూడాలి

కన్సోల్‌కు పుట్టుకతో ఒక గుర్తింపు ఉంటుంది. లాగిన్‌లో అది సర్వర్‌కు వెళ్తుంది, ఫర్మ్‌వేర్ వెర్షన్ కూడా వెళ్తుంది. తేడా పడితే గుర్తింపును నల్లజాబితాలో పెడతారు. హార్డ్‌డిస్క్ మార్చినా, రీసెట్ చేసినా అది పోదు. నిన్‌టెండో ఇంకో అడుగు ముందుకేసి ఒక్కో గేమ్ కార్డుకు వేరే సర్టిఫికెట్ పెట్టింది. ఒకే కార్డు కాపీ రెండు చోట్ల ఆన్‌లైన్‌లో కనిపిస్తే పట్టుబడుతుంది. అందుకే ఎవరో కాపీ తీసుకుని అమ్మేసిన పాత కార్డు కొన్న అమాయకులకూ చిక్కు రావొచ్చు. 2025 జూన్‌లో ఎమ్ఐజీ ఫ్లాష్ అనే, కాపీ గేములు నడిపే కార్డు వాడిన నిన్‌టెండో స్విచ్ 2 కన్సోళ్లకు 2124-4508 కోడ్‌తో ఆన్‌లైన్ మూసేశారు. పాత కార్డు కొంటే దాని ఫోటో, అమ్మినవారితో జరిగిన చాట్ దాచుకోండి, సపోర్ట్‌కు చూపించడానికి అవే ఆధారం.

'యాభై గేములు ఫ్రీ, జైల్‌బ్రేక్ పీఎస్4' అని ప్రకటన కనిపిస్తే సెట్టింగ్స్, సిస్టమ్‌లో వెర్షన్ చూడండి. 9.00 దగ్గరో 11.00 దగ్గరో కావాలని ఆపేసి ఉంటే, మెనూలో గోల్డ్‌హెన్ అన్న పేరు ఉంటే అది మోడ్ చేసిందే. దాంట్లో మీ అసలు అకౌంటు ఒక్కసారి కూడా పెట్టొద్దు. ఆన్‌లైన్ ఆడాలనుకునేవాళ్లకు ఆ సరుకు పనికిరాదు. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన 65ఏ సెక్షన్ ప్రకారం హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి రక్షణలను ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలుంది.

మామూలు సరుకైనా డబ్బులిచ్చే ముందు దుకాణంలోనే మూడు పనులు చేయించండి. మీ ఫోన్ హాట్‌స్పాట్ మీద అప్‌డేట్ పెట్టించండి, పీఎస్4కు సుమారు అర జీబీ, పీఎస్5కు జీబీ పైన పోతుంది. కొత్త ఉత్త అకౌంటుతో పీఎస్‌ఎన్ సైన్ ఇన్ చేసి చూడండి. పాత యజమాని అకౌంటుకు కన్సోల్ షేరింగ్ ఆపించి, ఆ తర్వాతే రీసెట్ కొట్టించండి. ఆ పూట సర్వర్ డౌన్ అయితే ఎంత బేరం కుదిరినా అడ్వాన్స్ ఇవ్వకుండా, సర్వర్ వచ్చాక వస్తామని చెప్పి రండి. బిల్లు మీద కన్సోల్ వెనక ఉన్న సీరియల్ నంబరు రాయించి, స్టిక్కర్‌తో సరిపోల్చి తీసుకోండి.