పై వరస కాదు, కింది వరస చదవాలి

అమలాపురం, పాలకొల్లు కాలేజీల్లో పిల్లల్ని రోజుకెన్ని నిమిషాలు ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ చూస్తారని అడిగి, అబ్బాయిలకీ అమ్మాయిలకీ తేడా ఉందేమోనని ఎస్పీఎస్ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో టీ-టెస్ట్ (రెండు గుంపుల సగటుల్ని పోల్చే పరీక్ష) చేశాను. ఉందనే వచ్చింది. "ఫలితాల పట్టికలో ఏ వరస చూశావమ్మా?" అన్నారు నా పరిశోధన గైడు గారు. నేను చూసింది పైది, రెండు గుంపుల వేరియన్స్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) సమానమనుకున్నప్పుడు చదివేది. కానీ ఆ సమానత్వాన్ని పరీక్షించే లెవీన్ టెస్ట్‌లో పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం వచ్చే అవకాశం) 0.05 కంటే తక్కువుంది, అంటే రెండు గుంపుల వేరియన్స్ సమానం కాదు. అప్పుడు కింది వరసే చదవాలి, అది వెల్చ్ పద్ధతి. అక్కడ తేడా నిలవలేదు.

ఎన్ని నిమిషాలు చూసేవాళ్ళు ఎంతమందో చూపే హిస్టోగ్రామ్ గీశాక ఇంకా తెలిసింది. అర్ధరాత్రి దాకా రీల్స్ చూసే కొద్దిమందే సగటును పైకి లాగేశారు. అందుకే మధ్యగతాలు (వరుసలో పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చే విలువలు) రాసి, సగటుల బదులు ర్యాంకుల్ని పోల్చే మాన్-విట్నీ యు టెస్ట్ కూడా చేశాను.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది వేరు: చాలామంది అమ్మాయిలు చూసేది అమ్మ ఫోన్లో. "ఫోను మీ సొంతమేనా?" అన్న ప్రశ్న చేర్చి, మళ్ళీ అందరి దగ్గరికీ వెళ్ళాను.