భోజనాలయ్యాక ఒక ఆట అష్టాచెమ్మా

సెలవు రోజుల్లో ఇంటిల్లిపాదీ కలిసి కూర్చోవాలంటే ఖర్చేమీ అక్కర్లేదు, అష్టాచెమ్మా చాలు. నేల మీద సుద్దముక్కతో అడ్డంగా 5, నిలువుగా 5 గళ్లు గీయండి. నాలుగు పక్కలా మధ్య గడిలో, నట్టనడుమ గడిలో ఇంటూ గుర్తు పెట్టండి. గవ్వలు లేకపోతే నాలుగు చింతగింజలు తీసుకుని, ఒక్కో గింజను ఒకవైపు మాత్రమే గరుకు గచ్చు మీద తెల్లగా అయ్యేదాకా అరగదీయండి. ఈ పని పిల్లలకే ఇవ్వండి, ఆట కంటే ముందే వాళ్లకు సరదా మొదలవుతుంది. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే 4. నాలుగూ నల్లగా పడితే అష్టా, 8. ఈ రెండింటికీ మళ్లీ వేసే అవకాశం ఉంటుంది. కాయలుగా శనగలు, కందిపప్పు, గుండీలు, ఏవైనా సరే.

అసలు చిట్కా జట్లలో ఉంది. అమ్మమ్మకు మనవడిని, తాతయ్యకు కోడలిని జతచేయండి. గింజలు ఒకరు వేయాలి, ఏ కాయ జరపాలో ఇంకొకరు చెప్పాలి. మామూలుగా పెద్దగా మాట్లాడుకోని వాళ్లు కూడా "అది కాదు, ఈ కాయను చంపు!" అని గట్టిగా అరుస్తారు. కాయను చంపితేనే లోపలి గళ్లలోకి వెళ్లాలన్న నియమం చాలా ఇళ్లలో ఉంటుంది, కొన్నిళ్లలో ఉండదు. అందుకే నియమాలు ముందే పెద్దవాళ్లను అడిగి ఖాయం చేసుకోండి, మధ్యలో గొడవ రాదు. మరీ చిన్నపిల్లలుంటే ఒక్కొక్కరికి నాలుగు కాయలకు బదులు రెండే ఇవ్వండి, ఆట త్వరగా తేలుతుంది.