ఆఫ్రికాన్స్ స్వయంబోధిని - 6వ పాఠం: డచ్‌లా కనిపించి మోసగించే మాటలు

డచ్ నుంచి పుట్టిన దక్షిణాఫ్రికా భాష ఆఫ్రికాన్స్. ముందు గత పాఠం అభ్యాసానికి జవాబులు. డచ్ ‘స్ఖూన్’ (బూటు) ఆఫ్రికాన్స్‌లో ‘స్కూన్’ అవుతుంది. ‘నాఖ్ట్’ (రాత్రి) ‘నాఖ్’ అవుతుంది, ‘రేఖన్’ (వాన) ‘రీఅన్’ అవుతుంది. ఈ పాఠాల్లో ఖ అని రాసినచోటల్లా ఉర్దూ ‘ఖబర్’లో మాదిరి గొంతు గరగరలాడాలి, ‘ఖడ్గం’లోలా పలకకూడదు.

ఈ ధ్వని మార్పులు పట్టుబడగానే చాలామంది ఒక అడ్డదారి తొక్కుతారు. డచ్ నిఘంటువు ముందేసుకుని, మాటల చివర్లు కత్తిరించి ఆఫ్రికాన్స్ తయారుచేస్తారు. వాక్యం వ్యాకరణానికి సరిపోతుంది గానీ అర్థం దారి తప్పుతుంది. బొత్తిగా తెలియని మాట ఎదురైతే ఎవరైనా ఆగి వెతుక్కుంటారు. తెలిసినట్టు కనిపించే మాట దగ్గర ఎవరూ ఆగరు, అందుకే ఈ పాఠమంతా అలాంటి మాటల గురించే.

అన్నిటికన్నా ముందు ‘ఆంపర్’. డచ్‌లో దీనికి ‘అంతంతమాత్రంగా, లేదన్నట్టుగా’ అని అర్థం. ఆఫ్రికాన్స్‌లో ‘దాదాపు, కొద్దిలో’ అని. డచ్‌వాడు ‘ఇక్ హెప్ ఆంపర్ ఖెస్లాపన్’ అంటే రాత్రంతా కునుకు పట్టలేదని చెబుతున్నట్టు. అదే వాక్యాన్ని ‘ఎక్ హెట్ ఆంపర్ ఖెస్లాప్’ అని మారిస్తే, ‘కొద్దిలో నిద్రపోయేవాణ్ణి’ అని కేప్‌టౌన్‌లో అర్థం చేసుకుంటారు. కునుకు పట్టలేదని చెప్పాలంటే అక్కడ ‘స్కార్స్’ వాడాలి: ‘ఎక్ హెట్ స్కార్స్ ఖెస్లాప్’. పై వాక్యంలోని ‘హెట్’నూ గమనించండి. డచ్‌లో అది నామవాచకం ముందు వచ్చే ఉపపదం, ‘అది’ అనే సర్వనామం కూడా. ఆఫ్రికాన్స్‌లో అది క్రియ.

‘ఫీస్’ డచ్‌లో మురికి, రోత. ఆఫ్రికాన్స్‌లో చిరాకు, కోపం. ‘ఎక్ ఇస్ ఫీస్ ఫిర్ యో’ అంటే ‘నీమీద ఒళ్లు మండుతోంది’ అని. ‘ఆర్దఖ్’ డచ్‌లో మెచ్చుకోలు, మంచి మనిషని. ఆఫ్రికాన్స్‌లో వింతగా ఉన్నాడని. ఒంట్లో వికారంగా ఉన్నా ఇదే మాట. ‘మోటర్’ నెదర్లాండ్స్‌లో మోటార్‌సైకిలు, దక్షిణాఫ్రికాలో కారు. అద్దెబండి మాట్లాడుకునేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి. ఇక, నెదర్లాండ్స్‌లో పిల్లిని ముద్దుగా ‘పూస్’ అంటారు. దక్షిణాఫ్రికాలో అది పచ్చిబూతు. అక్కడ పిల్లి ‘కాట్’ మాత్రమే.

పళ్ల దుకాణంలో తికమక ఇంకాస్త ఎక్కువ. ఆఫ్రికాన్స్ ‘లమూన్’ అంటే నారింజ. డచ్ ‘లిమూన్’ అంటే పచ్చటి చిన్న నిమ్మ. పెద్ద పసుపు నిమ్మ ఆఫ్రికాన్స్‌లో ‘స్యూర్‌లమూన్’, అంటే పుల్ల నారింజ. తెనాలి, గూడూరు మార్కెట్లలో దొరికే మన నిమ్మకాయ కావాలంటే ‘లెమ్మకి’ అని అడగాలి. రాతలో ఈ మాట చివరి భాగంలో టీ అక్షరం కనిపించినా పలికేది ‘కి’యే.

ఈ తేడాలకు మూలం చరిత్రలో ఉంది. 1652లో డచ్ ఈస్టిండియా కంపెనీ కేప్‌లో (ఇప్పటి కేప్‌టౌన్ ప్రాంతంలో) మకాం పెట్టింది ఓడల కోసం. కాబట్టి నావికుల మాటలు ఇళ్లలోకి దిగాయి. డచ్‌లో ‘కొంబౌస్’ ఓడలోని వంటగది మాత్రమే, ఆఫ్రికాన్స్ ‘కొంబెయ్స్’ ఏ ఇంటి వంటగదైనా. కంపెనీ బానిసలను ఇండోనేషియా దీవుల నుంచి, బెంగాల్ నుంచి, మలబారు నుంచి, మన కోరమాండల్ తీరం నుంచి కూడా తీసుకుపోయింది. వాళ్లలో చాలామందికి ఉమ్మడి భాషగా పనికొచ్చిన మలయ్ (మలేషియా, ఇండోనేషియా ప్రాంతపు భాష) నుంచే ‘పిసాంగ్’ (అరటిపండు), ‘పీరింగ్’ (సాసర్) వచ్చాయి. ‘బ్లాట్యాంగ్’ మలయ్‌లో రొయ్యల ముద్ద, కేప్‌లో తియ్యటి పళ్ల పచ్చడి. రోజూ నూరుసార్లు వినిపించే ‘బాయ’ (చాలా) కూడా మలయ్ ‘బాన్యాక్’ నుంచి వచ్చిందే. ఇదే అర్థమున్న డచ్ ‘ఫేల్’ పూర్తిగా పోలేదు, ‘హూఫేల్’ (ఎంత, ఎన్ని) లాంటి జంటమాటల్లో మిగిలింది.

1925లో ఆఫ్రికాన్స్‌కు అధికార భాష హోదా వచ్చాక ఇంగ్లిష్ మాటలు చొరబడకుండా సొంత మాటలు కట్టుకునే పట్టుదల పెరిగింది. డచ్‌వాళ్లు లిఫ్ట్, మెట్రో, కంప్యూటర్ అని ఊరుకుంటే ఆఫ్రికాన్స్‌లో ‘హెయ్స్‌బాక్’ (పైకెత్తే పెట్టె), ‘మొల్‌ట్రెయిన్’ (నేలను తవ్వే చుంచు పేరుతో రైలు), ‘రేకెనార్’ (లెక్కించేది). ఇంత పట్టుదల ఉన్న భాషలోనూ ట్రాఫిక్ సిగ్నల్‌ను జనం ‘రోబొట్’ అంటారు! ఇలా కట్టుకున్న మాటల్ని విడగొట్టి చదివితే తేలిగ్గా గుర్తుంటాయి. వీటిమీద ఎక్కువ సమయం పెట్టకండి.

‘నెట్‌నో’ మీద మాత్రం పెట్టండి. డచ్ ‘నెట్’ అంటే ‘ఇప్పుడే, క్షణం క్రితం’. దాన్నిబట్టి ‘నెట్‌నో’ అంటే ‘ఇప్పుడే’ అనుకుంటే గుమ్మంలో నిలబడి ఎదురుచూడాల్సిందే. దానికి ‘కాసేపట్లో’ అనీ, ‘ఇందాక’ అనీ రెండర్థాలున్నాయి. ఏదో క్రియ కాలాన్నిబట్టి తేల్చుకోవాలి. నిజంగా ‘ఇప్పుడు’ అనాలంటే ఉత్త ‘నో’.

సాధనకు ఒక నోటుబుక్కులో మూడు నిలువు గడులు గీయండి. మొదటి గడిలో మాట, రెండో గడిలో డచ్ అర్థం, మూడో గడిలో ఆఫ్రికాన్స్ వాక్యం. మూడో గడిలో అర్థం కాదు, వాక్యమే రాయాలి. ఒంటరి మాట డచ్ అర్థాన్నే గుర్తుచేస్తుంది. ఫోన్లో అనువాద యాప్ వాడేవాళ్లు భాషను యాప్ ఊహకు వదలకండి. చిన్న వాక్యాలను అది డచ్ అనుకునే అవకాశం ఉంది. ఆఫ్రికాన్స్‌ను మీరే ఎంచుకోండి.

అభ్యాసం: వీటిని ఆఫ్రికాన్స్‌లో రాయండి. (1) కొద్దిలో పడిపోయేవాణ్ణి. (‘పడ్డ’కు ‘ఖెఫాల్’ వాడండి.) (2) ఆమెకు నామీద చిరాగ్గా ఉంది. (ఆమె ‘సెయ్’, నా ‘మెయ్’.) (3) వంటగదిలో అరటిపళ్లు చాలా ఉన్నాయి. (‘డార్ ఇస్’తో మొదలుపెట్టండి, బహువచనానికి చివర ‘స్’ చేర్చండి.)

జవాబులు 7వ పాఠంలో. ఒకే వాక్యంలో రెండుసార్లు వచ్చే ‘నీ’ అనే నిషేధార్థకం సంగతీ అందులోనే.