ముసలి పిల్లికి షుగర్ – 3వ పాఠం: సీసా, సిరంజి, గీత

పిల్లి రోజుకు ఎన్ని నీళ్లు తాగుతోందో కొలవడం, వారానికోసారి తూకం చూసి రాసుకోవడం పోయిన పాఠంలో అయింది. ఆ నోటుబుక్కులో ఈరోజు నుంచి ఇంకో గడి గీయండి: ఏ పూట ఎన్ని యూనిట్లు.

ఇంట్లో ఇన్సులిన్ మొదలుపెట్టాక జరిగే తప్పుల్లో ప్రాణం మీదికి తెచ్చేది సీసాకూ సిరంజికీ పొంతన లేకపోవడమే. సూది గుచ్చడం నాలుగు రోజుల్లో చేతికి అలవాటవుతుంది. ఇది మాత్రం తెలిసి తీరాలి.

మన మందుల షాపుల్లో ఇన్సులిన్ రెండు గాఢతల్లో దొరుకుతుంది. మనుషులకు ఎక్కువగా ఇచ్చే సీసాల మీద 40 ఐయూ/మి.లీ., అంటే మిల్లీలీటరుకు 40 యూనిట్లు, అని ఉంటుంది. దానికి ఎర్ర మూత సిరంజి. పిల్లులకు తరచుగా రాసే గ్లార్జిన్ అనే ఇన్సులిన్ 100 ఐయూ/మి.లీ. దానికి నారింజ మూత సిరంజి. పాలకొండలోనో టెక్కలిలోనో షాపుకెళ్లి ఊరికే ‘షుగర్ సిరంజి’ అని అడిగితే ఎర్ర మూతది చేతిలో పెట్టొచ్చు. అందులో గ్లార్జిన్ 1 యూనిట్ గీత దాకా లాగారంటే పిల్లి ఒంట్లోకి వెళ్లేది 2.5 యూనిట్లు. ఎర్ర మూతలో ఒక యూనిట్ చోటు అంటే మిల్లీలీటరులో 40వ వంతు. 100ని 40తో భాగించి చూసుకోండి.

నారింజ మూతలోనూ 1 మి.లీ. సిరంజి వద్దు. అందులో సాధారణంగా ఒక్కో గీత 2 యూనిట్లు. 0.3 మి.లీ., అంటే 30 యూనిట్ల సిరంజి అడగండి. అర యూనిట్ గీతలున్నది దొరికితే మరీ మంచిది.

చాలా పిల్లులకు 12 గంటలకోసారి 1 యూనిట్‌తో, ఒక్కోసారి అంతకన్నా తక్కువతో మొదలుపెడతారు. నాయనమ్మ పూటకు 20 యూనిట్లు తీసుకుంటోంది కదా, దీనికి ఒకటేం సరిపోతుందని పెంచకండి. నాలుగు కిలోల ప్రాణి అది. ఫ్రిజ్‌లో ఉన్న నాయనమ్మ సీసా కూడా, డాక్టరు ఆ పేరే రాస్తే తప్ప, పిల్లికి వాడొద్దు.

ఇక ఇంజెక్షన్. ముందు తిండి పెట్టండి. తింటుండగానో, తినడం అవగానేనో సూది వేయాలి. గ్లార్జిన్ నీళ్లలా తేటగా ఉండాలి, మసకబారితే పారేయండి. సీసాను కుదపకూడదు, మందులో ఏదీ కలపకూడదు. సీసాను తలకిందులుగా పట్టుకుని కాస్త ఎక్కువ లాగి, వేలితో తట్టి బుడగలు పైకి పోనిచ్చి, గీత దాకా వెనక్కి నెట్టండి. 1 యూనిట్ అంటే మిల్లీలీటరులో నూరో వంతే కాబట్టి ఆవగింజంత బుడగ కూడా మోతాదులో చెప్పుకోదగ్గ భాగాన్ని తినేస్తుంది.

మెడ వెనక తోలు పట్టుకోవడం తేలికే గానీ అక్కడ రక్తప్రసరణ తక్కువ. పక్కటెముకల పైన, డొక్క పక్కన తోలు వదులుగా ఉన్నచోట చిటికెతో గుడారంలా ఎత్తి, దాని అడుగున ఒంటికి సమాంతరంగా సూది పోనివ్వండి. పూటపూటకూ చోటు మార్చండి. స్పిరిట్ తుడవనక్కర్లేదు, ఆ వాసనకు పిల్లి బెదురుతుంది. సూది తీశాక అక్కడ బొచ్చు తడిమి చూడండి. తడిగా ఉండి మందు వాసన వస్తే సూది అవతలివైపు దూరిందన్నమాట. అలాంటప్పుడు రెండోసారి వేయకండి. ఎంత లోపలికి పోయిందో తెలియదు. పుస్తకంలో రాసి, తర్వాతి పూట మామూలు మోతాదే ఇవ్వండి. ఒక పూట తగ్గినందుకు చక్కెర కాస్త పెరుగుతుంది, అంతే. ఎక్కువైతే గంటల్లో చచ్చిపోవచ్చు.

పిల్లి తిననే లేదా, వాంతి చేసుకుందా? డాక్టరుకు ఫోన్ చేయకుండా సూది వేయొద్దు. అన్నం, పాలు తగ్గించి ఉడికించిన కోడిమాంసం, ముల్లు తీసిన చేప వైపు మళ్లించడం మంచి పనే. కానీ డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా మార్చకండి. పిండిపదార్థం తగ్గగానే అదే 1 యూనిట్ ఎక్కువైపోతుంది.

తూలడం, వణకడం, మత్తుగా పడి ఉండటం కనిపిస్తే చక్కెర పడిపోయిందని అనుకోండి. తినగలిగితే వెంటనే తిండి పెట్టండి. లేకపోతే చిగుళ్లకు తేనె రాస్తూ ఆసుపత్రికి బయల్దేరండి. స్పృహ లేనప్పుడు నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

సీసా ఫ్రిజ్ తలుపు అరలో ఉండాలి, ఫ్రీజర్‌కు ఆనుకుని కాదు; గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. అలాంటి రోజులకు ఒక ఏర్పాటు చేసి పెట్టుకోండి: పెద్ద కుండలో తడి ఇసుక, దాని మధ్య చిన్న ముంత, అందులో ప్లాస్టిక్ డబ్బాలో సీసా, పైన తడిగుడ్డ, నీడపట్టు. సీసాకు తడి తగలకూడదు. వాడుతున్న గ్లార్జిన్ 30 డిగ్రీలు దాటకుండా ఉంటే 28 రోజులు నిలుస్తుంది.

ఈ వారం సాధన: వేరే సిరంజితో మంచినీళ్లు 1 యూనిట్ చొప్పున పదిసార్లు లాగి, బుడగ లేకుండా గీతకు తెచ్చి, బత్తాయిలోకి గుచ్చండి. ఆ సిరంజిని మందుకు వాడొద్దు. తర్వాత సీసా, సిరంజి రెండూ పట్టుకెళ్లి మీ పశువుల ఆసుపత్రిలోనో గరివిడి పశువైద్య కళాశాలలోనో ఒకసారి చూపించి, మొదటి సూది వాళ్ల ముందే వేయండి. వచ్చే పాఠం చెవి అంచు నుంచి రక్తపు చుక్క తీయడం. గ్లూకోమీటరు, దానిలో పెట్టే పట్టీలు (స్ట్రిప్పులు) కొని ఉంచండి.