వడ్రంగి గది ఊడ్చే ముందు జాగ్రత్తలు

చీపురు పట్టే ముందు ఇవి చూసుకోండి.

• మిషన్ల స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకేయాలి. రంపం బ్లేడు చుట్టూ పొట్టు దులుపుతుంటే మోచెయ్యి తగిలి స్విచ్ పడిందంటే అంతే సంగతులు. బ్యాటరీ డ్రిల్లయితే బ్యాటరీ తీసి పక్కన పెట్టండి.

• ఉలులు, చిత్రికలు ముందే ఎత్తి గోడకు తగిలించండి. బల్లను అరచేత్తో తుడిచే అలవాటు మానాలి. పొట్టు కింద ఏ మేకు దాక్కుందో తెలియదు.

• ఎన్95 మాస్కు. ముక్కుకు కట్టిన తువ్వాలు సన్న ధూళిని ఆపదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క ధూళిని క్యాన్సర్ కారకాల 1వ గ్రూపులో (మనుషులకు క్యాన్సర్ తెస్తాయని తేలినవాటిలో) చేర్చింది. నేల మీది పొట్టు కన్నా గాల్లో తేలే, కంటికి ఆనని పొడికే నేను ఎక్కువ భయపడతాను. అందుకే బ్లోయరుతో ఊదొద్దు, వాక్యూమ్ మేలు. అది లేకపోతే కిటికీలు తెరిచి తడిగుడ్డతో తుడవండి (ఇనుప బల్లల మీద మాత్రం తడి వద్దు, తుప్పు పడుతుంది).

• అన్నిటికన్నా మోసం చేసేవి అవిసె నూనెతో పాలిష్ పట్టిన గుడ్డలు. ఆ నూనె ఆరేటప్పుడు ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల గీయకుండానే అంటుకోవచ్చు. పొట్టు సంచిలో అస్సలు వేయకండి. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి మూతున్న ఇనుప డబ్బాలో పెట్టండి.

• పొట్టు సంచి ఆ రోజే బయటికి.